సుద్దగీత

ఓల్యో నది మంచునీళ్ళు మోసుకొచ్చే ఈ లోయలో
ఒకప్పుడు ఏరే సమ్మెట ఎత్తేదట.
ఇప్పుడు కరెంటు ఎత్తుతోంది.
మా ఊరికి మాత్రం అదే మోత, అదే నిద్ర.

ఒత్తోరీనో ముప్పై ఎనిమిదేళ్ళు
రింగుమిల్లు ముందు నిలబడ్డాడు.
ఎడమచెవి మోతకి ఇచ్చేశాడు,
కుడిచెవి సగం.
పెళ్ళి ఉంగరం వంటింట్లో ఉప్పుజాడీ పైన మేకుకి వేలాడుతుంది.
ఉంగరం ఉన్న వేలిని యంత్రం వేలితో సహా అడుగుతుంది,
అది మా షెడ్డులో మొదటిరోజు పాఠం.

నికెల్ ముద్ద మొండిది.
ఉక్కులా బతిమాలితే వంగే రకం కాదు.
పూర్వం సాక్సనీ గనుల్లో రాగి అనుకుని తవ్వినవాళ్ళు
రాగి రాక, ఊపిరాడక,
కొంటెదెయ్యమా అని తిట్టారట.
ఆ తిట్టే పేరై మిగిలింది.

కొలిమిలోంచి బయటికొచ్చాక
మనతో మాట్లాడే తీరిక దానికి రెండు నిమిషాలే.
తర్వాత రంగు దిగుతుంది, పంతం ఎక్కుతుంది,
అప్పుడు కొడితే పగులుతుంది.
ఒక కాకలో అప్పచ్చిలా అణచాలి,
ఇంకో కాకలో నడుమ పొడిచి గుండె తీసెయ్యాలి,
ఆపైన రోలర్ల మధ్య తిప్పి తిప్పి
చేటంత దాన్ని బండిచక్రమంత చెయ్యాలి.
ఒత్తోరీనో గడియారం చూడడు.
"పొలెంటా రంగులో ఉండగా తిప్పు,
టొమాటో రంగొస్తే ఆపు" అంటాడు.

నా పని చివర్లో, చల్లారాక.
నేను ఎర్సీలియాని. వినేదాన్ని.
రింగుకి జిగురు పూసి, వేలెడు ప్రోబు ఆనించి
లోపలికి శబ్దం పంపుతాను,
మనిషి చెవికి అందని శబ్దం.
అవతలి గోడ తాకి తిరిగొస్తే తెరమీద ఒక గీత లేస్తుంది.
దారిలో ఏదైనా అడ్డొస్తే
రెండోది.

మార్చి ఆఖరి శుక్రవారం. ఒత్తోరీనో ఆఖరి రింగు.
ఎక్కడో ఎడారి ఒడ్డున
సముద్రాన్ని తాగునీరు చేసే కార్ఖానాలో
పంపు మెడకి తొడగాల్సిన కడియం.
ఇరవయ్యేళ్ళు ఉప్పు నాకినా అరగకూడదు.
ఆఫీసులో కేకు పెట్టి ఉంచారు.
ముప్పాతిక చుట్టు తిరిగాను. ఏమీ లేదు.
అప్పుడు రెండో గీత.

గసగసం గింజంత.
హద్దు దాటింది, వెంట్రుకవాసి.
గెయిన్ ఒక్క మెట్టు తగ్గిస్తే హద్దులోకి వచ్చేస్తుంది.
నా బొటనవేలు ఆ మీట మీదే ఉంది.
ఎంతసేపు ఉందో చెప్పను.

ఆయన వచ్చి నా వెనక నిలబడ్డాడు.
తెర చదవడం రాదు ఆయనకి. నా భుజాన్ని చదివాడు.
"ఎక్కడ?" అన్నాడు
చెవిటివాళ్ళ గొంతుతో, షెడ్డంతా వినబడేలా.
చూపించాను.
జ్వరం చూసినట్టు అక్కడ అరచెయ్యి ఆనించాడు.
నా జేబులోంచి సుద్ద తీసుకుని
తనే చుట్టూ గీశాడు. గీత వంకరపోయింది.
జిగురు జేబురుమాలతో తుడిచి
కేకు దగ్గరికి వెళ్ళాడు.

ఈ లోహానికి తుప్పు పట్టదని కొనేవాళ్ళకి చెబుతాం.
అది పూర్తి నిజం కాదు.
గాలి తగిలిన మొదటి క్షణంలోనే దీనికీ పడుతుంది,
కంటికి ఆనని పొర.
పట్టి, అక్కడితో ఆగుతుంది.
గీరితే గీరినచోట మళ్ళీ పడుతుంది, మళ్ళీ ఆగుతుంది.
ఆ ఆగడమే దాని బలమంతా.
లోపలి గింజ దాకా మాత్రం ఆ పొర వెళ్ళలేదు.

సోమవారం రింగుని నాలుగు ముక్కలు కోసి
కరగడానికి పంపేశారు.
ఒత్తోరీనో వేలికి ఉంగరం ఎక్కట్లేదట,
సబ్బు రాసి చూస్తున్నాడని వాళ్ళావిడ చెప్పింది.
కొత్త ముద్ద కొలిమిలో పెట్టిన కుర్రాడు బాబకర్
పొలెంటా రంగంటే ఏ పొలెంటా,
ఉడక్కముందా ఉడికాకా అని నన్నడిగాడు.
నాకు తెలియదు.
సాయంత్రం ఇంటికెళ్ళి ఆయన్నే అడుగు, అన్నాను.
కుడివైపు నిలబడి అడుగు.